అప్పజెప్పాక కూడా

నా కొత్త కళ్లజోడు ఈ వారం నెల్లూరు వైపు యాత్ర చేసొచ్చింది. బందరు రోడ్డు మీదున్న మా గూడూరుకి రావలసిన పార్సిలు, ఎప్పట్లాగే రైల్వే జంక్షను గూడూరుకి పోయింది. ఈ రెండూ చాలవన్నట్టు కర్నూలు జిల్లాలో ఒక గూడూరు, మహబూబాబాద్ జిల్లాలో ఇంకో గూడూరు. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా ఈ ఏడుపు కొత్తేం కాదు.

ఆ చిరాకులో ఉండగా మా వీధి చివరింటి కుర్రాడు సెలవుకొచ్చాడు. బేగంపేటలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా శిక్షణలో ఉన్నాడు. "మాకూ ఇదే గొడవ బాబాయ్" అన్నాడు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద 216 నంబరు విమానం ఒకటి, 261 ఒకటి ఉంటే, ఒకరికి చెప్పింది ఇంకొకరు అందుకుంటారట. అందుకే విమాన సంస్థలు నంబర్ల మధ్య అక్షరాలు దూర్చి కాల్‌సైన్లు మార్చుకుంటున్నాయట.

ఇంతలో లోపల్నుంచి వాళ్లమ్మ కేక: "ఒరేయ్, లీటరు పాలు, అరకిలో బెండకాయలు!"

"రెండు లీటర్లు పాలు, అరకిలో బెండకాయలు" అని అలవాటుగా అప్పజెప్పాడు వీడు.

"లీటరేరా!"

రేడియోలో పైలట్లు చేసే రీడ్‌బ్యాక్ అంటే ఇదే. విన్నవాడు తిరిగి చెప్పాలి, చెప్పినవాళ్లు దాన్ని చెవులు రిక్కించి వినాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. పాఠం అప్పజెప్పించుకోవడం బళ్లలో పోయిందని ఇక్కడే ఎన్నోసార్లు మొత్తుకున్నాను. చూశారా, ఆకాశం నడిచేదే దాని మీద అని రాసేద్దామని కూర్చున్నాను కూడా.

టెనెరిఫే విమాన ప్రమాదం గుర్తొచ్చి అడ్డుపడింది. 1977 మార్చి 27, పొగమంచు. రన్‌వే కొసన కెఎల్ఎం జంబో బయల్దేరడానికి నిలబడింది. అదే రన్‌వే మీద పాన్ యామ్ జంబో ఇంకా మెల్లగా కదులుతోంది. గాల్లోకి లేచాక ఏ దారిన పోవాలో టవర్ కెఎల్ఎంకి చెప్పింది. లేవమని మాత్రం చెప్పలేదు. కో-పైలట్ ఆ దారంతా బుద్ధిగా అప్పజెప్పి, చివర్న 'టేకాఫ్‌లో ఉన్నాం' అన్నట్టు ఓ ముక్క తగిలించాడు. అప్పటికే కెప్టెన్ విమానాన్ని ఉరికించాడు. టవర్ 'ఓకే' అంది. ఆగండి, నేను పిలుస్తాను అని టవర్ అన్నదీ, మేమింకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ అన్నదీ ఒకదాని మీద ఒకటి పడి, కెఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమన్న మోతే మిగిలింది. పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదేమోనని ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానమొచ్చింది, అడిగాడు. తప్పుకుందన్నాడు కెప్టెన్. ఆయన ఆ సంస్థలో పైలట్లకు పాఠాలు చెప్పే పెద్దాయన. ఇంజనీరు మళ్లీ నోరెత్తలేదు. రెండూ గుద్దుకుని 583 మంది పోయారు. అసలు అనుమతి ఇచ్చేటప్పుడూ దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప రేడియోలో 'టేకాఫ్' అనకూడదన్న కట్టడి ఆ తర్వాతే వచ్చింది.

మన దగ్గరా ఉంది. 1996 నవంబరు 12న ఢిల్లీలో లేచిన సౌదీ జంబోని 14,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, ఉంది. ఎదురుగా దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15,000. అందులో కంట్రోలర్‌తో మాట్లాడేది పైలట్ కాదు, రేడియో ఆపరేటరు. ఆయన ముందు ఎత్తు చూపే మీటరే లేదు. చూడాలంటే పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడాలి. నోరొకరిది, చెయ్యి ఇంకొకరిది. విమానం 15,000 దాటి కిందికి జారింది. రెండూ గాల్లోనే గుద్దుకున్నాయి. చర్ఖీ దాద్రి పొలాల్లో 349 మంది. ఆ తర్వాతే మన దేశంలో, ఎదుటి విమానాన్ని పసిగట్టి పైలట్‌నే హెచ్చరించే టీకాస్ యంత్రం తప్పనిసరైంది. ఢిల్లీకి వచ్చే దారులూ పోయే దారులూ వేరయ్యాయి.

అప్పజెప్పడాన్ని ఇంతకాలం మోసిన నాకు ఇది మింగుడుపడదు. మనిషి మాట ఉండగా యంత్రమెందుకని బ్యాంకుల మీదా రైల్వే కౌంటర్ల మీదా కాలమ్‌లు నింపినవాణ్ణి. విమానమెక్కితే మాత్రం మాట కన్నా ఆ పెట్టెనే నమ్ముతాను.

కుర్రాడు పాలు తెచ్చాక ఇంకోటి చెప్పాడు. కొన్ని విమానాశ్రయాల్లో రన్‌వేలోకి వెళ్లే దారికి అడ్డంగా ఎర్ర దీపాల వరస ఉంటుందట. టవర్ 'రండి' అన్నా సరే, అవి వెలుగుతున్నంతసేపూ పైలట్ దాటడానికి వీల్లేదు.

"మరింకెందుకురా మీ అప్పజెప్పడం?" అన్నాను.

"అన్నిచోట్లా ఆ దీపాలుండవు బాబాయ్" అన్నాడు.