చర్చిల్ రాసిన యుద్ధం, రాయని కరువు

విన్‌స్టన్ చర్చిల్ (1874-1965) యుద్ధకాలపు బ్రిటిష్ ప్రధానిగా మనకందరికీ తెలుసు. 1953లో ఆయనకు నోబెల్ సాహిత్య బహుమతి వచ్చిన సంగతి అంతగా గుర్తుండదు. రెండవ ప్రపంచయుద్ధంపై ఆయన వెలువరించిన ఆరు సంపుటాల్లో మొదటిది 1948లో వచ్చింది. వాటిని ఒక రచయిత పుస్తకాలుగా చదివి నాకు తోచింది చెబుతాను.

చర్చిల్ వచనంలో సత్తువ ఉంది. 1940 మేలో పదవి చేపట్టడం, డన్‌కర్క్ తీరం నుంచి 3,38,000 మంది సైనికులు బయటపడడం వంటి ఘట్టాలు, ముగింపు తెలిసినా ఊపిరి బిగబట్టి చదివిస్తాయి. అయితే ఇక్కడ కథకుడే కథానాయకుడు. తాను పంపిన ఉత్తరువులను విరివిగా అచ్చువేశారు. వాటికి వచ్చిన జవాబులు చాలాచోట్ల కనిపించవు.

భారతదేశం ప్రస్తావనలో ఈ లోపం నన్ను మరీ బాధించింది. యుద్ధభయాల నుంచి హిందూస్థాన్ ప్రజలకు దక్కినంత రక్షణ మరే పెద్ద జనసమూహానికీ దక్కలేదని నాలుగవ సంపుటంలో అంటారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. అదే ఏడు బర్మా జపాను వశం కాగా, అక్కడి తెలుగువారెందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. 1943 నాటి బెంగాల్ కరువు, దాని వెంట వచ్చిన రోగాలు సుమారు 30 లక్షల మందిని పొట్టనబెట్టుకున్నాయని చాలామంది చరిత్రకారుల అంచనా. ప్రభుత్వ విచారణ సంఘమే 15 లక్షలని లెక్కగట్టింది. చర్చిల్ ప్రధాన కథనంలో ఈ కరువుకు చోటు లేదు.

దీనికి ఆయనొక్కరే కారణమనడం న్యాయం కాదు. 1942 తుఫాను, మండిన ధరలు, దాచిన ధాన్యం, ప్రభుత్వం లాగేసుకున్న పడవలు, రాష్ట్ర పాలకుల అసమర్థత అన్నీ కలిశాయి. 1944 ఏప్రిల్‌లో గోధుమలకు ఓడలిమ్మని ఆయన రూజ్వెల్టును అడిగారు, అమెరికా కాదంది. కానీ వైస్రాయి పదేపదే అడిగినా ఆయన మంత్రివర్గం కోరినంత ధాన్యం పంపలేదు. ఎందుకు పంపలేదో తన మాటల్లోనే చెప్పి ఉండవచ్చు. మునిగిన ఓడల టన్నుల లెక్కలు పట్టికలు వేసి ఇచ్చిన రచయితకు అందుకు పుటలు కరువా?

ఆ సంపుటాలు చదవదగ్గవే. పక్కన 1973లో అచ్చయిన వైస్రాయి వేవెల్ దినచర్యను పెట్టుకుని చదవండి. రంగూన్ నుంచి నడిచివచ్చిన మన పెద్దలెవరైనా నాలుగు ముక్కలు రాసిపెట్టి ఉంటే, వాటినీ పెట్టుకోండి.