గాజు పెట్టెలో మహానటి

ఒక నటి జ్ఞాపకార్థం ప్రదర్శన పెట్టాలనగానే ముందుగా చీర గుర్తొస్తుంది ఎవరికైనా. తర్వాత నగలు, స్టిల్స్, జ్ఞాపికలు. పొగాకు, పత్తి పండే అమెరికా నార్త్ కరోలినాలో రైతు కుటుంబంలో పుట్టిన అవా గార్డ్‌నర్ పేరిట స్మిత్‌ఫీల్డ్‌లో ఒక మ్యూజియం ఉంది. చిన్నతనంలో ఆమెను ఎరిగిన టామ్ బ్యాంక్స్ అనే అభిమాని ఏళ్ళ తరబడి పోగుచేసిన వస్తువులే దానికి పునాది. అభిమాని దాచుకునేది తాను చూసిన రూపాన్ని. ఆ రూపం వెనకున్న పని, పేచీ, నిర్ణయం అతని కంటికి ఆనవు.

మా ప్రాంతపు కాలేజీ ఒకటి గుంటూరు, ప్రకాశం జిల్లాల నటీమణుల మీద చిన్న ప్రదర్శన పెట్టదలచి, వస్తువుల జాబితా చూసిపెట్టమని నాకు పంపింది. చిర్రావూరులో పుట్టిన సావిత్రికి, దొడ్డవరంలో పుట్టిన భానుమతికి చెరో బల్ల. సావిత్రి బల్ల మీద చివరిది, కోమాలో మంచం మీదున్నప్పటి ఫోటో. "అది చూస్తే జనం కంటతడి పెడతారండీ" అన్నారు నిర్వాహకులు.

నా అభ్యంతరమంతా అక్కడే. 1981 డిసెంబరు 26న చనిపోయేదాకా 19 నెలల పాటు ఆమె స్పృహలో లేరు. కనుబొమ కదలికను కూడా తన అదుపులో ఉంచుకుని కెమెరా ముందు నిలబడిన నటి, వద్దని చెప్పలేని స్థితిలో తీసిన ఫోటోను ఆమె జీవితానికి ముగింపుగా పెట్టే హక్కు మనకెవరిచ్చారు? తాగి చితికిపోయిన మగ కళాకారుణ్ణి 'భగ్నహృదయుడు' అంటాం. అదే స్త్రీ అయితే ఆడపిల్లలకు హెచ్చరికగా చూపిస్తాం.

'మహానటి' (2018) సినిమాలో ఒక స్త్రీ విలేఖరి సావిత్రి కథను వెతుక్కుంటూ వెళ్ళడం మంచి ఎత్తుగడ. కీర్తి సురేష్‌కు జాతీయ పురస్కారం న్యాయంగానే వచ్చింది. అయినా హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకుల మాటల్లో మిగిలింది ప్రేమ, మోసం, మద్యం. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించారనీ, ముఖ్యమైన సాంకేతిక శాఖల్లో స్త్రీలను పెట్టుకున్నారనీ, సంగీతం పి. లీలదనీ ఎంతమందికి గుర్తుంది? 'సొంత సినిమాలు తీసి చెడిపోయింది' అన్న ఒక్క వాక్యంలో ఆ సాహసమంతా కొట్టుకుపోయింది.

భానుమతి సంగతి మరోలా ఉంటుంది. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసిన దర్శకురాలు, భరణీ సంస్థ నడిపిన నిర్మాత, 'అత్తగారి కథలు' రాసిన రచయిత్రి. జనం నోట మాత్రం 'పొగరుబోతు'. 'మిస్సమ్మ' (1955)లో నాయికగా మొదట ఆమెనే తీసుకుని, నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చాక సావిత్రిని పెట్టారు. ఈ కథను ఒకరి పొగరుగా, ఇంకొకరి అదృష్టంగా చెప్పుకుంటూ వచ్చాం. పని చోట స్త్రీ మాటకు ఎంత విలువుందన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. అణకువ లేనిదన్న పేరు ఒకరికీ, అమాయకురాలన్న పేరు మరొకరికీ అంటగట్టి, ఇద్దరి పనినీ పక్కకు నెట్టాం.

అందుకే జాబితా మార్చి పంపాను. ఆ ఫోటో తీసేయమన్నాను. ఆ స్థానంలో 'చిన్నారి పాపలు'కు పనిచేసిన స్త్రీల పేర్లు, వారు చేసిన పని పెద్ద అక్షరాల్లో రాయమన్నాను. భానుమతి నగల పక్కన ఆమె పుస్తకాలు పెట్టమన్నాను. 'మిస్సమ్మ' పోస్టరుంటే, దాని కింద ఆ తగాదా కథ ఉండాలన్నాను.

ఈ ప్రదర్శనకు వచ్చేది పరిశోధకులు మాత్రమే కాదు. పత్తి తీసి, మిరపకాయల తొడిమలు తుంచి, ఘాటుకు కళ్ళు మండి ఇంటికెళ్ళే ఆడవాళ్ళు కూడా వస్తారు. పని విలువ, కూలి పేచీ వాళ్ళకు ఒకరు చెప్పాల్సినవి కావు. సావిత్రి కోసం ఏడవడానికి వాళ్ళకు మన ఫోటో అక్కర్లేదు. ఆమె ఏం పని చేసిందో చెబితే, ఆమెను తమలో ఒకతెగా గుర్తుపడతారు.