గోడపై పద్యం: ఇందూరు చెరలో దాశరథి

దాశరథి కవిత్వాన్ని అగ్నితో ముడిపెట్టి చదవడం విమర్శలో పరిపాటి. ఆ అగ్ని వెనుక ఉన్న ఏకాంతాన్ని నిజామాబాదు ఖిల్లా జైలు గుర్తుచేస్తుంది. 1948లో అక్కడ బందీగా ఉన్న కవి, పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో నిజాంను ధిక్కరిస్తూ గోడపై పద్యం రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయన సహఖైదీ. కాగితం లేనిచోట, రాసినది ఏ క్షణానైనా చెరిగిపోయేచోట పద్యాన్ని నిలిపేది ధారణే. అక్కడ యతిప్రాసలు కేవలం అలంకారాలు కావు, జ్ఞాపకానికి ఆధారాలు. ఛందస్సు సంప్రదాయానికి, వచనం తిరుగుబాటుకు చెందుతాయనే విభజన ఈ గోడ ముందు నిలవదు. ‘అగ్నిధార’(1949)ను ఈ దృష్టితో పునఃపరిశీలించాలి. రాసిన మరుక్షణమే పాఠకుడిని చేరే నేటి కవితకు, చేరకముందు మనసులో నిలవడం కూడా కవికర్మేనని ఆ పద్యం బోధిస్తుంది.