బొంగురు గొంతు వెనక పనితనం

మగబాతును కోసి శుభ్రం చేసే అలవాటున్నవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మెడ పొడవునా దిగివచ్చిన గాలిగొట్టం ఛాతీలోకి చేరి, రెండు ఊపిరితిత్తులకూ చీలే చోట వేలికి గట్టిగా ఏదో తగులుతుంది. పైనున్న పొర ఒలిచి చూస్తే ఎముకతో కట్టిన బోలు బుడిపె. అది నడిమధ్య ఉండదు, ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది. గోడ పలచన, లోపల గాలి తప్ప మరేమీ లేదు. ఆడబాతును కోస్తే అదే చోట గొట్టం మామూలుగా రెండు పాయలవుతుంది, బుడిపె జాడే కనపడదు. పక్షులకు గొంతు పలికే చోటు మనకు మల్లే మెడ పైభాగంలో ఉండదు, ఈ చీలిక దగ్గరే ఉంటుంది. కూరకి కోసే చేతులు దాన్ని పేగులతో పాటు తీసి అవతల పారేస్తాయి. నా మటుకు నాకు బాతు ఒంట్లో అంతకన్నా చూడదగ్గ పనితనం ఇంకోటి లేదు.

ఆ బుడిపె మహిమ బయట చెవికి తెలుస్తుంది. వీధి చివరిదాకా వినిపించేలా ‘క్వాక్ క్వాక్’మని అరిచేది ఆడబాతు. మొదటి అరుపు గట్టిగా ఉంటుంది, తరవాతవి ఒక్కొక్కటే స్థాయి దిగుతూ వస్తాయి. మగబాతు ఎంత నోరు తెరిచినా గొంతు బొంగురుగా, గుసగుసకు కాస్త పైన ఆగిపోతుంది. జతకట్టే రోజుల్లో మాత్రం సన్నగా ఈల వేస్తుంది. (ఇరుగుపొరుగు సణుగుతున్నారని బాతుల్ని అమ్మేయాలనుకునేవాళ్లు ఏవి అమ్మాలో ఇక్కడే తేల్చుకోవచ్చు. కాకపోతే గుడ్లు పెట్టేవి కూడా ఆ గోల చేసేవే.)

మూడు నాలుగు వారాల వయసుదాకా పిల్లలన్నీ ఒకే తీరున కిచకిచలాడతాయి. ఐదో వారం అటూ ఇటూగా ఆడపిల్లల గొంతు మారడం మొదలవుతుంది. కిచకిచల మధ్య ఒక్కసారి గట్టి అరుపొకటి తెగి పడుతుంది, మళ్లీ పాత కిచకిచలే. రోజులు గడిచేకొద్దీ ఆ అరుపులు పెరుగుతాయి. మగపిల్లల గొంతు ఇంకొన్నాళ్లు చిన్నప్పటిలాగే ఉండి, ఆ తరవాత నెమ్మదిగా బొంగురుపోతుంది. ఎనిమిదో వారానికి చాలా జాతుల్లో అనుమానం తీరిపోతుంది.

అయితే మందలో వింటే లాభం లేదు. నాలుగు అరుస్తుంటే పది అరుస్తున్నట్టే ఉంటుంది, ఏ గొంతు ఏ ముక్కులోంచి వచ్చిందో పట్టుకోలేం. ఒక్కదాన్ని పట్టి, రెక్కలు ఒంటికి ఆనించి, పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తాలి. కోడిని పట్టినట్టు కాళ్లు పట్టుకుని వేలాడదీయకూడదు, బాతు కాళ్లు అంత బరువు ఓర్చుకోవు. మిగతావాటికి దూరంగా తీసుకెళ్తే ఒంటరిదయ్యానన్న బెదురుతో అదే అరుస్తుంది. ఆడదైతే నిమిషంలో తెలిసిపోతుంది. అరవనిదాన్ని వెంటనే మగది అనేయకూడదు. కొన్ని పిల్లలు భయంతో బిగుసుకుపోతాయి. అందుకే తేలినవాటి కాలికి రంగు రింగు వేసి, తేలనివాటిని వారం తరవాత మళ్లీ ఎత్తి చూడటం మేలు. ఎదిగే కాలు కాబట్టి రింగు బిగుసుకోకుండా వదులుగా ఉండాలి.

పెరట్లో అరడజను బాతులు పెంచుకునేవాళ్లకు ఈ ఓపిక సరిపోతుంది. గుడ్ల కోసం వందల్లో పెంచేవాళ్లు ఎనిమిది వారాలు ఆగలేరు. పొదిగిన పిల్లల్లో సుమారు సగం మగవే. మందలో ఆరు నుంచి పది ఆడబాతులకు ఒక మగది చాలు. పిల్లలు తీయకుండా గుడ్లు మాత్రమే కావాలంటే అదీ అక్కర్లేదు. మగవి ఎక్కువైతే మేత దండగ కావడం ఒక్కటే నష్టం కాదు. అవి ఒకే ఆడబాతు మీద పడి మెడ మీది ఈకలు పీకేస్తాయి, నీళ్లలో ముంచి చంపేసిన సందర్భాలూ ఉంటాయి. ఖాకీ క్యాంప్‌బెల్ లాంటి జాతి ఏడాదికి మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది కాబట్టి ఆడపిల్లకీ మగపిల్లకీ ధరలో తేడా వస్తుంది. కోతలయ్యాక మన డెల్టా మాగాణుల్లో రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ సాగే మందలకైనా, కుట్టనాడులో చార, చెంబల్లి బాతుల్ని మేపేవాళ్లకైనా లెక్క అదే.

అందుకే హేచరీలో పుట్టిన రోజునే విడదీస్తారు. ఆ పని చేసే చేతుల్ని దగ్గర నుంచి చూడాలి. ఎడమచేతిలో పిల్ల, తల కిందికి, వీపు అరచేతికి ఆని ఉంటుంది. మెడ రెండు వేళ్ల మధ్య నిలుస్తుంది గానీ నొక్కుకోదు. ముందు పొట్ట మీద మెత్తగా ఒక ఒత్తు, లోపలి రెట్ట బయటికి వచ్చేస్తుంది. ఇది వదిలేస్తే తరవాత చూసేదంతా మసకే. ఎడమ బొటనవేలు తోకను వీపు వైపుకి వంచుతుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మలద్వారానికి చెరోవైపు ఆని, బయటికి లాగుతూనే కొద్దిగా పైకి ఒత్తుతాయి. లోపలి పొర పువ్వులా తిరగబడుతుంది. మగపిల్ల అయితే మధ్యలోంచి నువ్వుగింజంత లేత గులాబీ రంగు మొన పైకి లేస్తుంది. ఆడపిల్లలో ఆ చోట పొర నున్నగా ఉంటుంది, లేదంటే లేచీ లేవనట్టు చిన్న ఉబ్బు. పైన దీపం వెలుగు బాగా ఉండాలి. పిల్ల పుట్టి ఒకటి రెండు రోజులు దాటకూడదు. ఆ తరవాత కండరం బిగిసి తెరుచుకోనంటుంది.

చదివితే తేలికే అనిపిస్తుంది. కష్టమంతా ఒత్తిడిలో ఉంది. తక్కువైతే పొర తిరగబడదు, మగది కూడా ఆడదిలాగే కనిపిస్తుంది. ఎక్కువైతే లేత పేగు దెబ్బతింటుంది, ఆ పిల్ల బతకదు. చెయ్యి తిరిగినవాళ్లకు ఆ హద్దు వేలికొసలోనే ఉంటుంది. వాళ్లు పిల్లని తీయడం, తిప్పడం, చూడటం, పెట్టెలో వేయడం విడివిడిగా కనిపించవు. ఇంట్లో పెంచుకునేవాళ్లు మాత్రం పుస్తకంలో చదివి దీనికి దిగొద్దని నా మాట. తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని ఇది.

ఈ విద్యకు పేరు తెచ్చింది కోడిపిల్లలు. 1920ల్లో జపాన్‌లో కియోషి మసుయి, జురో హషిమోతో కోడిపిల్లల్లో ఈ తేడాను శాస్త్రీయంగా వర్గీకరించారు. 1927లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభతో ఆ పద్ధతి బయటి దేశాలకు తెలిసింది. కోడిపిల్లలో కనిపించేది చాలా చిన్న బుడిపె, పైగా అది కొన్ని ఆడపిల్లల్లోనూ ఉంటుంది. అందుకే ఆ పని నేర్వడానికి నెలల తరబడి సాధన కావాలి. బాతు దగ్గర అంత సందిగ్ధం లేదు. పక్షి జాతుల్లో నూటికి తొంభైకి పైగా మగవాటికి పురుషాంగమంటూ ఉండదు. బాతులు, హంసలు, నిప్పుకోళ్ల లాంటి కొన్నింటికే అది మిగిలింది. ఎందుకిలా అన్నది ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్టిన్ కోన్ బృందం 2013లో విప్పి చూపింది. కోడి పిండంలోనూ ఆ అవయవం మొలకెత్తుతుంది. కొన్నాళ్లకి కొసనున్న కణాలు చచ్చిపోయి అది కుదించుకుపోతుంది. బాతులో ఆ చావు జరగదు. కోడిపిల్ల దగ్గర పనివాడు వెతికేది ఆగిపోయిన పని తాలూకు ఆనవాలును, బాతుపిల్ల దగ్గర పూర్తయిన పనిని.

చైనాలో బాతుల పెంపకందార్లకు దీనికన్నా అబ్బురపరిచే పద్ధతులున్నాయి. ఒకదానిలో పిల్లని తెరిచి చూడరు. మలద్వారాన్ని బయటి నుంచే రెండు వేళ్ల మధ్య నలిపి, లోపల గింజ దొర్లినట్టు తగులుతుందేమో చూస్తారు. ఇంకోదానిలో వేలు నేరుగా మెడ మొదట్లోకి, ఛాతీ పైకి వెళుతుంది. పుట్టిన రోజునే మగపిల్ల గాలిగొట్టం చివర ఆ ఎముక బుడిపె తయారై ఉంటుంది, మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించని పరిమాణంలో. ఐదారు వారాల తరవాత మన చెవికి అందే సంగతిని వాళ్ల వేలు మొదటి రోజే పట్టుకుంటుంది.

తోక కింద మొన, గొంతు కింద బుడిపె, పెద్దయ్యాక వచ్చే ఆకుపచ్చ తల. చూడటానికి వేర్వేరు చోట్ల చేసిన వేర్వేరు పనుల్లా ఉంటాయి. నాకు ఈ విషయంలో అన్నింటికన్నా నచ్చేది వాటి వెనక ఉన్న పొదుపు. 1910ల్లో అమెరికాలో హెచ్. డి. గూడేల్ రువాన్ జాతి ఆడబాతులకు అండాశయం తీసేశాడు. తరవాతి ఈకలు మగబాతు రంగులతో వచ్చాయి. మగవాటికి వృషణాలు తీసినా రంగులు పోలేదు. ఫ్రాన్స్‌లో ఎత్యేన్ వోల్ఫ్, ఎమిలియెన్ వోల్ఫ్ దంపతులు గుడ్డులోని పిండం దగ్గరికే వెళ్లారు. బాతు పిండంలో బీజకోశాలు లేకుండా చేస్తే, పుట్టబోయేది ఆడదైనా మగదైనా బుడిపె తయారైంది, మొన కూడా తయారైంది. అంటే బాతు ఒళ్లు దానంతటది పెరిగితే మగ తీరునే పెరుగుతుంది. ఆడపిల్లలో అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ ఆ రెండింటినీ ఆపుతుంది. 28 రోజుల పొదుగులో తొలి సగంలోనే ఈ పని మొదలైపోతుంది.

ఏ ఆనవాలును ఎంత నమ్మాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. బుడిపె గుడ్డులో ఒక్కసారే తయారవుతుంది, ఆ తరవాత మారదు. ఈక ఏటేటా రాలి మళ్లీ మొలుస్తుంది, మొలిచేటప్పుడు ఒంట్లో ఏ హార్మోను ఉంటే దాని మాట వింటుంది. ముసలిదై అండాశయం చెడిన ఆడబాతు ఒక్కోసారి ఆకుపచ్చ తలతో కొత్త ఈకలు వేసుకుంటుంది. గుడ్లు మానేసిన దాన్ని చూసి మగది అయిపోయిందని యజమాని బిత్తరపోతాడు. అది నోరు తెరిస్తే మాత్రం పాత ‘క్వాక్’ అలాగే ఉంటుంది. తోక పైన ముందుకి చుట్ట తిరిగే మగ ఈకల సంగతీ అంతే. మూడు నాలుగు నెలలకి అవి వచ్చాయంటే మగదని చెప్పొచ్చు. వేసవి చివర ఈకలు రాల్చే రోజుల్లో అవి ఊడిపోతాయి, అప్పుడు చూసి ఆడది అనుకుంటే పొరపాటే.

రంగులతో తేల్చే దారులు కొన్ని జాతులకే పనికొస్తాయి. ఖాకీ క్యాంప్‌బెల్, రువాన్‌లలో ఎదిగే మగపిల్ల ముక్కు ఆకుపచ్చకి తిరుగుతుంది. 1949లో లెస్లీ బానెట్ ఖాకీ క్యాంప్‌బెల్ పిల్లల్లోంచి ఏరి వృద్ధి చేసిన వెల్ష్ హార్లెక్విన్ జాతిలో పుట్టిన మొదటి రోజుల్లోనే మగపిల్ల ముక్కు ముదురుగా, ఆడపిల్లది లేత గులాబీ రంగులో కొస మాత్రం నల్లగా ఉంటుంది. నాలుగు రోజులు పోతే ఆ తేడా చెరిగిపోతుంది. ఒళ్లంతా తెల్లగా ఉండే పెకిన్ దగ్గర ఇవేవీ పారవు.

ఇక గుడ్డు ఆకారం చూసి చెప్పే విద్య. మొనదేలిన గుడ్డు పుంజు, గుండ్రటిది పెట్ట అనేవాళ్లు మన ఊళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల వెనక రోమన్ సేద్యపు రచయిత కొలుమెల్లా ఉన్నాడు. అంతకు ముందే అరిస్టాటిల్ మొనదేలినదాంట్లోంచి పెట్ట వస్తుందని రాశాడు. ఇద్దరి మాటా సుమారు సగం గుడ్లలో నిజమయ్యే ఉంటుంది. పిల్ల ఆడదా మగదా అన్నది తల్లి ఇచ్చే క్రోమోజోముతో, పచ్చసొన అండాశయం వదిలే నాటికే తేలిపోతుంది. పెంకు కట్టేది ఆ తరవాత గొట్టంలో కిందికి దిగాక. దానికి లోపలున్నదెవరో తెలిసే దారి లేదు.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో చాలా భాగం మల్లార్డ్ వంశపు బాతుల సంగతి. ముక్కు మొదట్లో ఎర్రటి కండ బుడిపెలు ఉండే మస్కవీ వేరే జాతి, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. గుడ్డు పిగలడానికే 35 రోజులు తీసుకుంటుంది. దాంట్లో ఆడది గట్టిగా అరవదు, మగది బుసకొడుతుంది, తోక మీద చుట్ట ఈక ఎన్నడూ రాదు. గొంతు విందామని కూర్చుంటే ఏమీ తేలదు. అక్కడ తూకం చూడాలి. పెద్దయ్యాక మగది ఆడదానికి దాదాపు రెట్టింపు బరువుంటుంది, ఆ తేడా రెండో నెలకే కళ్లకు కడుతుంది. ఒకే పొదుగులో వచ్చిన పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి కాళ్ల లావూ పాదాల వెడల్పూ పోల్చుకుంటే చాలు. ఒక్కటే ఉంటే మాత్రం ముఖం మీద ఎర్ర కండ బాగా ఎదిగేదాకా ఆగాల్సిందే.