ప్రాప్త్యాశయందే నిలిచిన నాటకము

ఐరిషు జాతీయుడగు శామ్యూలు బెకెట్టు (1906–1989) ఫ్రెంచి భాషలో 1948–49 సంవత్సరములందు రచించిన గొదో నాటకము 1953వ సంవత్సరము జనవరి 5వ తేదిని పారిసు నగరమందలి బాబిలోను నాటకశాలలో ప్రథమముగా ప్రదర్శింపబడెను. ఫ్రెంచి నామమున కర్థము ‘గొదోకొఱకు వేచియుండగా’ అని. వస్తువు మిక్కిలి స్వల్పము. ఒక పల్లెబాట, ఒక చెట్టు, సాయంసమయము. వ్లాదిమీరు, ఎస్త్రగోను అను దరిద్రు లిరువురు గొదో యనువానికై నిరీక్షింతురు. పొజ్జో యను భూస్వామి, మెడకు త్రాడు గట్టబడిన లక్కీ యను సేవకునితో వచ్చి పోవును. తుదకొక బాలుడు వచ్చి, గొదో నేడు రాడనియు, రేపు తప్పక వచ్చుననియు చెప్పును. రెండవ యంకమునందును నిట్లే జరుగును.

ఈ నాటకముపై నారోపింపబడు దోషములలో ముఖ్యమైనది ఇతివృత్తశూన్యత. కార్యము లేనిచో రూపకము లేదనుట మన లాక్షణికులకును సమ్మతమే. కావున నీ యాక్షేపము త్రోసిపుచ్చదగినది గాదు, పరీక్షింపదగినది.

ధనంజయుడు దశరూపకమున కార్యమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని యైదవస్థలు చెప్పెను. వీనిలో మూడవదియగు ప్రాప్త్యాశయందు ఉపాయమును, అపాయశంకయు పెనగొని యుండును. ఫలము లభించునని తోచును, లభింపదేమో యను భయమును వీడదు. బెకెట్టు తన నాటకమునంతయు నీ దశయందే నిలిపెను. తెర లేచుసరికే ఆరంభయత్నములు గడచిపోయినవి; గొదోను తామేమి కోరిరో పాత్రలకే స్పష్టముగా జ్ఞప్తి లేదు. నియతాప్తి యెన్నడును రాదు. ఇందు కార్యము లేదనుటకంటె, అది యొక యవస్థలో బంధింపబడినదనుట యుక్తము.

అంకములు రెండేల యను ప్రశ్నకును నిందే సమాధానము కలదు. ఒక్క యంకమే యున్నచో గొదో రాకుండుట యాదృచ్ఛికమని ప్రేక్షకుడు తలచును. రెండవమారును రాకపోగా నిది నియమమని యెఱుగును. మూడవ యంకము పునరుక్తి యగును. అంతియగాక రెండవది మొదటిదానికి ప్రతిబింబమును గాదు. చెట్టున నాలుగైదాకులు పొడమినవి, పొజ్జో గ్రుడ్డివాడయ్యెను, లక్కీ మూగయయ్యెను, బాలుడు తానిదివఱకు వీరిని చూడలేదనును. కాలము ప్రాణులను క్షీణింపజేయుచున్నదే కాని ఫలమును దగ్గఱకు తెచ్చుట లేదు.

ఇక రసవిచారము. నిరీక్షణము మన కావ్యములకు క్రొత్త కాదు. వాసకసజ్జికయు విరహోత్కంఠితయు వేచియుండు నాయికలే. కాని వారి కాలంబనము నిశ్చితము. శబరికి మునులు రామాగమనమును ముందే యెఱిగించిరి, రాముడు వచ్చెను, ఆమె నిరీక్షణము తపస్సై ఫలించెను. బెకెట్టు పాత్రలకు ఆలంబనమే యనిశ్చితము. వారు పొజ్జోను చూచి గొదో యని భ్రమింతురు. గొదో యెదుట నిలిచినను గుర్తింపజాలరన్నమాట. చింత, దైన్యము, ఔత్సుక్యము, జడత యను వ్యభిచారిభావములు వచ్చి పోవుచుండును, స్థాయి కుదురదు. మమ్మటుడు శాంతమునకు స్థాయిగా చెప్పిన నిర్వేదమిచట పుష్కలముగా నున్నను శాంతము పుట్టదు. ఏలయన నిర్వేదము శాంతముగా పరిణమించుటకు ఆశ నశింపవలయును. వీరికో, ఉరివేసికొనుటకు సహితము రేపు మంచి త్రాడు తేవలెనను నాశయే మిగిలియున్నది. ఈ వైరుధ్యమునుండియే హాస్యము పుట్టుచున్నది. బెకెట్టు తన యాంగ్లానువాదమును విషాదహాస్యమిశ్రమని పేర్కొనుట యందులకే.

ఆల్బేరు కామూ 1942లో, మానవుని యర్థాపేక్షకును లోకమౌనమునకును గల వైరమే యసంబద్ధత యని నిరూపించెను. మార్టిన్ ఎస్లిన్ 1961లో నిట్టి నాటకములకు అసంబద్ధ నాటకరంగమను పేరిడెను. గొదో నాటకమున నా యసంబద్ధతకు మూలము చావని యాశయే.

ఇది విద్వాంసులకు మాత్రమే గోచరించు విషయమా? 1956లో అమెరికాయందలి మయామీ ప్రాంతమున నీ నాటకమును నవ్వుల పంటగా ప్రకటించి ప్రదర్శింపగా ప్రేక్షకులనేకులు మధ్యలోనే లేచిపోయిరి. 1957లో కాలిఫోర్నియాయందలి సాన్ క్వెంటిన్ కారాగారమున సుమారు 1400 మంది ఖైదీలు దీనిని కడవఱకు శ్రద్ధతో చూచిరి. సహృదయత్వమునకు పాండిత్యముకంటె తత్సమానానుభవము ప్రధానమని యీ యుదాహరణము తెలుపుచున్నది.

తెరపై నిరీక్షణము వేఱొక చిక్కు దెచ్చును. నాటకశాలలో పాత్రలకును ప్రేక్షకులకును కాలమొక్కటే. వారితోపాటు వీరును వేచియుందురు. చలనచిత్రమున కూర్పరి కాలమును ఖండింపగలడు. సమీపదృశ్యము చుట్టునున్న శూన్యమును మఱుగుపఱచును. 1961లో బి.బి.సి. టెలివిజను ప్రదర్శనము బెకెట్టునకు రుచింపలేదు. తన నాటకము విశాలశూన్యమున చిక్కిన యల్పమానవులను గూర్చినదనియు, ఆ చిన్న పెట్టెలో నిముడదనియు నాతని భావము. 1952 నాటి ‘హై నూన్’ చిత్రమున గడియారము మాటిమాటికి కానవచ్చినను, మధ్యాహ్నపు రైలు వచ్చితీరును. అచటి నిరీక్షణము ఫలాగమమునకు సోపానము. షాంతాల్ అకెర్మాన్ 1975లో నిర్మించిన ‘జాన్ దీల్మాన్’ చిత్రము మఱొక త్రోవ పట్టెను. ఒక గృహిణి బంగాళాదుంపలు చెక్కుతీయుటను కోతలేక సాగనిచ్చి, మూడు గంటలకు మించిన నిడివిచే ప్రేక్షకునికి కాలభారమును తెలియజేసెను. రంగస్థలము సహజముగా నిచ్చుదానిని చిత్రము కోతను విడనాడి సంపాదింపవలసి వచ్చినది.

కావున గొదో నాటకమును ఇతివృత్తహీనమని నిరాకరించుట సరిగాదు. దానికి శాంతరసము నంటగట్టి కొనియాడుటయు సరిగాదు. తుదియందు ఇరువురును పోదమని పలుకుదురు, కదలరు. ప్రాప్త్యాశకు హేతువు లేకున్నను మానవుడు దానిని విడువజాలడను సత్య మా కదలికలేమియందే వ్యక్తమగుచున్నది.