మూడు రూపాయల ఓపిక

"మొత్తం మార్చేద్దామండి. కొత్తది ఏడొందలు. ఇది విప్పి కూర్చుంటే పూట పోద్ది."

"మార్చేద్దాం" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుందని మీకు తెలుసు. ఈ వారం దాన్ని అనపర్తి దగ్గర మా బావమరిది కోళ్లఫారంలో వినాల్సొచ్చింది. అన్నవాడు పాతికేళ్లు నిండని మెకానిక్ కుర్రాడు. వాడి ఎదురుగా ఉన్నది షెడ్లు కడిగే పెట్రోలు ప్రెషర్ వాషర్. దాని కార్బరేటర్ నుంచి చుక్కచుక్కా కారి గచ్చు మీద పెట్రోలు మడుగు కట్టింది. సైలెన్సర్ పక్కనే. అగ్గిపుల్ల అక్కర్లేదు, ఇంజన్ వేడి చాలు.

మా బావమరిది ఈ కాలమ్ పాఠకులకి కొత్తవాడు కాదు. ఇన్వర్టర్ బ్యాటరీలో బోరు నీళ్లు పోసిన మహానుభావుడు ఈయనే. పనైపోయిన మిషను మీద గోనెపట్టా కప్పేసి మరిచిపోవడం ఆయన పద్ధతి. గుడ్ల కోళ్ల బ్యాచ్ ఒకసారి వేస్తే ఏడాది దాటాకే తీస్తారు. షెడ్డు అడుగు నుంచి కప్పు దాకా కడిగేది అప్పుడే. అంటే వాషర్‌కి పని నాలుగు రోజులు, నిద్ర నెలల తరబడి. ఆ నిద్ర కూడా ట్యాంకులో సగం పెట్రోలుతో, ట్యాప్ తెరిచిపెట్టి. ట్యాప్ కట్టండి బాబూ, కట్టాక ఇంజన్ దానంతటది ఆగేదాకా తిరగనివ్వండి అని నేను ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో! చదవాల్సినవాళ్లు తప్ప అందరూ చదివారు.

కుర్రాడు పక్కూళ్లో పవర్ స్ప్రేయర్ ఏదో చూసొస్తానని బండెక్కాడు. నేను పది నంబరు పానా అడిగాను.

"నీకెందుకు బావా ఈ గ్రీజు పని?"

"ట్యాప్ కట్టనివాడు మాట్లాడకూడదు."

కార్బరేటర్ అడుగున ఒక కప్పు ఉంటుంది. అందులో ఫ్లోట్ తేలుతుంది. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోట్ పైకి లేచి, తన మీద వేలాడే నీడిల్‌ని పెట్రోలొచ్చే రంధ్రంలోకి నొక్కుతుంది. ఇంజన్ తాగేకొద్దీ దిగి మళ్లీ దారిస్తుంది. డాబా మీద నీళ్ల ట్యాంకులో బాల్‌కాక్ చేసే పనే. నీడిల్ సరిగ్గా కూర్చోకపోతే వచ్చేది ఆగదు.

కప్పు విప్పితే గుప్పున వార్నిష్ వాసన. పెట్రోలు పాతబడితే అలాగే మారుతుంది. అడుగున జిగట, దాని మీద తెల్లటి పొడి. ఈ తెల్లపొడి నా చిన్నప్పటి కార్బరేటర్లలో ఇంతగా చూడలేదు. మన పెట్రోల్లో ఇథనాల్ 2022 నాటికి 10 శాతం అయింది, 2030కి అనుకున్న 20 శాతం 2025కే వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీళ్లూ ఇథనాలూ ఒకటై పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఆ అడుగు ఈ కప్పే. లోహం తినేసేది అక్కడే. రోజూ తిరిగే బండికి ఆ తీరిక ఉండదు, బాధంతా గోనెపట్టా కింద పడుకునే మిషన్లకే.

ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల చప్పుడు లేదు, కాబట్టి చిల్లి లేదు. కార్బరేటర్‌ని తలకిందులు చేసి పెట్రోలొచ్చే గొట్టంలో ఊదాను. ఆ భంగిమలో ఫ్లోట్ బరువుకి నీడిల్ మూసుకుపోయి గాలి ఆగాలి. ఆగలేదు, బుస్సుమంటూ పోయింది. నీడిల్ కొసన ఉండే రబ్బరు మీద గోరు పెట్టి లాగితే సన్నటి గాడి తగిలింది. దొంగ దొరికాడు. ఈ చిన్న ముక్కకి మొత్తం కార్బరేటర్ పారేస్తాడా కుర్రాడు!

చేతిలో నీడిల్ ఉంటే నాకు మా ఊరి సాయిబుగారు గుర్తు రాకుండా ఉండరు. ఇదివరకూ రాశాను, ఇంకా రాస్తాను. పాత బస్టాండు వెనక వేపచెట్టు, దాని మొదట్లో పరిచిన గోనెసంచీ, అదే ఆయన షెడ్డు. బజాజ్ స్కూటరు కోసం ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకుని కూచునే కాలంలో మా నాన్న సంపాదించిన చేతక్‌కి ఆయనే వైద్యుడు. పొద్దున్నే స్కూటర్ని పక్కకి ఒంచి, నిలబెట్టి, కిక్ కొట్టి, మళ్లీ ఒంచి, చెమటలు పట్టాక మా నాన్న దాన్ని తోసుకుంటూ బయల్దేరేవాడు. వెనక నేను.

సాయిబుగారు ఏమీ అడిగేవారు కాదు. డాల్డా డబ్బా మూతలో పెట్రోలు పోసి, కార్బరేటర్ ముక్కలన్నీ అందులో ముంచేవారు. జెట్టుని ఎండకేసి ఎత్తి ఒక కన్ను మూసి చూసేవారు. లోపల వెలుగు గుండ్రంగా కనబడాలి, ఏ పక్కన నలుసున్నా మళ్లీ మూతలోకే. కరెంటు వైరు తోలు ఒలిచి అందులోంచి ఒకే ఒక్క రాగి పోగు తీసి జెట్టులో తోసేవారు. గుండుసూది పెట్టి కెలికినవాడెవడైనా వస్తే వాడి ఏడు తరాలూ ఆ వేపచెట్టు కిందికి దిగేవి. ఇత్తడి మెత్తన, సూది ఉక్కు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా బండి పెట్రోలు తాగేస్తుంది. జెట్టులో పిన్నులు పెట్టొద్దని నేను ఈ కాలమ్‌లో చేసే గోల ఆయన దగ్గర నేర్చిందే.

అన్నీ నోటితో ఊదేవారు. ఊది, ఉమ్మి, టీతో పుక్కిలించి మళ్లీ ఊదేవారు. బిగించాక ఒక చెయ్యి యాక్సిలేటర్ మీద, ఒక చెయ్యి స్క్రూ మీద. తల పక్కకి వాల్చి, స్క్రూని పావు తిప్పు తిప్పి, వెనక్కి సగం తెచ్చి వినేవారు. ఇంజన్ గొంతు కుదుటపడేదాకా ఎవరు పలకరించినా పలికేవారు కాదు. గంట దాటిపోయేది.

ఆ ఓపిక ఇప్పుడేదీ అని అడగబోయాను. కలం ఎత్తేసరికి, నేనెప్పుడూ రాయకుండా వదిలేసిన ఘట్టం అడ్డొచ్చింది. లెక్క తేల్చే ఘట్టం. సాయిబుగారు ఐదు రూపాయలు అనేవారు. "కడగడమే కదా సాయిబూ, సామాను వేసిందేముంది?" అని మా నాన్న మూడు చేతిలో పెట్టేవాడు. ఆయన నవ్వి జేబులో వేసుకునేవారు. కేబులో, ప్లగ్గో వేసినరోజు మాత్రం బేరం లేదు. దానికి షాపు చీటీ ఉంటుంది కదా. మా నాన్న ఒక్కడే కాదు, వేపచెట్టు కింద నిలబడ్డ పెద్దమనుషులందరి లెక్కా అదే. సామానుకి ఇచ్చారు, చేతికి ఇవ్వలేదు. సాయిబుగారు కొడుకుని ఆ చెట్టు నీడకి కూడా రానివ్వలేదు. ఏసీ పని నేర్పించి దుబాయ్ పంపారు. గంటసేపు పెట్రోలు మింగితే మూడు రూపాయలొచ్చే విద్యని ఏ తండ్రి కొడుక్కిస్తాడు?

సాయంత్రం కుర్రాడు తిరిగొచ్చాడు. నీడిల్ చూపించాను. గోటితో తడిమి, "ఆయ్, ఇదేనండి" అన్నాడు. వాడికి ముందే తెలుసు.

"మరి ఇదొక్కటే వేయొచ్చుగా?"

"వేయొచ్చండి. దీనికోసం రాజమండ్రి వెళ్లాలి. వెళ్లొచ్చి, విప్పి, కడిగి, బిగించి మూడొందలు అడిగితే, 'నీడిల్ ముప్పయ్యే కదరా' అంటారండి. కొత్తది వేసి ఏడొందలంటే ఎవరూ మాట్లాడరండి."

వీడు మా నాన్నని చూడలేదు. అయినా ఎంత బాగా ఎరుగును!

వాడి లెక్కకి ఇంకో దన్ను కూడా ఉంది. ఈ ఇంజను 1983లో హోండా తెచ్చిన జీఎక్స్ నమూనాకి అచ్చు. ఆ నమూనాని చూసి చేసిన ఇంజన్లు ప్రపంచమంతా ఉన్నాయి, వాటిలో ఒకే సైజు ఇంజన్లకి దాదాపు ఒకే కొలత కార్బరేటర్ సరిపోతుంది. అంత విరివిగా తయారయ్యేది చవగ్గా ఉండక ఏంచేస్తుంది? 2020 ఏప్రిల్‌లో బీఎస్ సిక్స్ వచ్చాక కొత్త బైకులు దాదాపుగా ఇంజెక్షన్‌కి మారాయి. ఈ కుర్రాడికి కార్బరేటర్ తగిలేది స్ప్రేయర్లలో, నీళ్ల ఇంజన్లలో, గడ్డి కోసే మిషన్లలోనే. వాడి పూటకి ధర కట్టుకునే హక్కు వాడికుంది, ఆ ధర కొత్త కార్బరేటర్ కన్నా ఎక్కువ పలికితే పాతది పోవాల్సిందే.

"మార్చేయ్," అన్నాను. మా బావమరిది నావైపు అనుమానంగా చూశాడు.

వాడు పాత పెట్రోలు డబ్బాలోకి దింపి, ట్యాంకు రెండుసార్లు తొలిచాడు. కొత్తది బిగించాక తాడు లాగుతాడనుకున్నాను. లాగలేదు. ఇంజన్ ఆయిల్ ఎలా ఉందో చూడమని నేను అడగబోయేలోపే మూత విప్పి, పుల్ల తుడిచి ముంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయిల్ ఉండాల్సిన గీత దాటి పైకొచ్చి ఉంది. పొంగిన పెట్రోలు గచ్చు మీదికే పోదు. లోపలి దారిన సిలిండర్లోకి, అక్కడినుంచి రింగుల సందుల్లోంచి ఆయిల్లోకి దిగుతుంది. ఆ పల్చటి ఆయిల్‌తో షెడ్డు కడగడానికి దిగితే ఏడొందలు కాదు, ఇంజనే పోయేది. అరలీటరు పైచిలుకు ఆయిల్ అంతా కార్చి కొత్తది పోశాక గానీ తాడు లాగలేదు.

చీటీ నేనే రాశాను. కార్బరేటర్ ఏడొందలు, ఆయిల్ ఖరీదు, కింద విడిగా నూటయాభై.

"ఆయిల్ డబ్బులు సరే బావా, ఈ నూటయాభై దేనికి?"

"వాసన చూసినందుకు."