సైనిక సేవా స్మృతులలో హాస్యం – ఆశ్రయభేద దృష్టితో పరిశీలన

వ్యాస సంగ్రహం:

తెలుగు సాహిత్య విమర్శ సైనికుణ్ణి ప్రధానంగా వీర, కరుణ రసాలకు ఆలంబనగా చూసింది. సెలవుపై వచ్చిన జవాను, విశ్రాంత సైనికుడు తమ ఊళ్లలో చెప్పుకొనే నిత్యజీవిత కథనాలలో మాత్రం హాస్యానిదే పైచేయి. కవాతు, భోజనం, భాష, తనిఖీ, సెలవు వాటి వస్తువులు. ఈ హాస్యం కాలక్షేపం కాదనీ, భయాన్ని దాటివచ్చిన మనిషి తన పూర్వరూపాన్ని తిరిగి చూసుకొనే పద్ధతి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆలంకారికులు చెప్పిన ఆశ్రయభేదం, తిక్కన విరాటపర్వంలోని ఉత్తరకుమారుని పాత్ర ఇందుకు ఆధారాలు.

కీలక పదాలు: సైనిక స్మృతులు, హాస్యరసం, ఆశ్రయభేదం, ఉత్తరకుమారుడు, మౌఖిక కథనం, వేంసూరు.

1. ఉపోద్ఘాతం:

ఖమ్మం జిల్లా సత్తుపల్లి ప్రాంతంలోని వేంసూరు సరిహద్దు ఊరు. నిజాం కాలంలో ఈ ప్రాంతానికి ఆవల మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా వరంగల్లు నుండి విడివడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుండి వచ్చి ఖమ్మం జిల్లాలో చేరింది. పాలనా సరిహద్దులు ఇన్నిసార్లు మారిన ఈ నేలలో 'మిలటరీ' అనే మాటకు ఒకే అర్థం ఉండే అవకాశం లేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. ఆ తరువాత 1951 వరకు సాయుధ పోరాట ప్రాంతాలలో సైనిక శిబిరాలు, గాలింపులు సాగాయి. తెలంగాణ పల్లెల్లో ఆ తరానికి 'మిలటరీ' అంటే ఊరి మీదికి వచ్చినది. భద్రాచలం అడవుల వైపు ఇంకా పాత స్మృతి ఉంది. 1922–24 మన్యం తిరుగుబాటును అణచడానికి మలబారు పోలీసు దళాలు, అస్సాం రైఫిల్స్ గోదావరి మన్యానికి వచ్చాయి. తరువాతి తరాలకు అదే మాట మరో అర్థం ఇచ్చింది. వారికి 'మిలటరీ' అంటే ఊరి కుర్రవాడు వెళ్లి చేరిన ఉద్యోగం, నెలనెలా వచ్చే మనియార్డరు, నల్లని ట్రంకు పెట్టె. ఊరి మీదికి వచ్చిన సైన్యం గురించిన కథలు భయంతో నడుస్తాయి. ఊరి నుండి వెళ్లిన సైనికుడు చెప్పే కథలు నవ్వుతో నడుస్తాయి. ఒకే మాట చుట్టూ అల్లుకున్న ఈ రెండు కథనాలకూ మధ్య సంబంధం ఏమిటన్నది ఇక్కడి మూలప్రశ్న.

2. ఉత్తరకుమారుడు – తొలి నమూనా:

తెలుగువారికి యుద్ధరంగపు నవ్వు అనగానే గుర్తుకు వచ్చేవాడు ఉత్తరకుమారుడు. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వంలో తీర్చిన ఈ పాత్ర 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అనే నానుడిగా జనవ్యవహారంలో నిలిచిపోయింది. అంతఃపురకాంతల ముందు బీరాలు పలకడం, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగు తీయడం, బృహన్నల వెంటాడి పట్టుకు రావడం అందరికీ తెలిసినవే. నానుడి ఇంతవరకే గుర్తుంచుకొంది. కావ్యం ఇక్కడ ఆగలేదు.

పారిపోయినవాడే పగ్గాలు పట్టాడు. అర్జునునికి సారథి అయ్యాడు. యుద్ధం ముగిసి నగరానికి తిరిగివచ్చాక, విజయం తన కొడుకుదేనని విరాటుడు పొంగిపోతుండగా, గెలిచింది తాను కాదనీ, ఒక దేవకుమారుడనీ ఉత్తరుడు చెప్పాడు. సైనిక స్మృతికి ఈ ఘట్టం కీలకం. వెళ్లేముందు పలికినవి ప్రగల్భాలు. తిరిగివచ్చి పలికినది కీర్తిని వదులుకొన్న మాట. నిత్యజీవితపు సైనిక హాస్యానికీ ఇదే లక్షణం. శిక్షణకేంద్రంలో తొలిరోజు తడబడినవాడు, తుపాకి శుభ్రం చేయడం రాక తిట్లు తిన్నవాడు, రాత్రి కాపలాలో చెట్టునీడను చూసి 'హుకుందార్' అని కేక పెట్టినవాడు కథకుడే. ఈ కేక సైతం ఆంగ్లంలోని 'హూ కమ్స్ దేర్' సిపాయిల నోట నలిగి మిగిలిన రూపం. కథకుడు తనలోని ఉత్తరుణ్ణి దాచడు, ముందు అతడినే చూపిస్తాడు. ఊరివాళ్లు 'కోతలు కోస్తున్నాడు' అని ఆటపట్టించినా, ఈ కథలలోని అతిశయోక్తి శౌర్యం వైపు కాక తెలివితక్కువతనం వైపు పెరుగుతుంది. కోతకూ దీనికీ తేడా అదే.

3. భాష – అపార్థం – అస్తిత్వం:

సైనిక జీవితంలో తెలుగు యువకుడికి ఎదురయ్యే తొలి శత్రువు భాష. హిందీ ఆజ్ఞలలో కుడివైపు తిరగడానికి 'దాహినే ముడ్', వెనుకకు తిరగడానికి 'పీఛే ముడ్' అంటారు. తెలుగు చెవికి ఈ 'ముడ్' శరీరంలో ఏ భాగాన్ని స్ఫురింపజేస్తుందో వివరించనక్కరలేదు. అందునా 'వెనుక' అనే విశేషణం తోడైనప్పుడు వరుసలో నిలబడి నవ్వు ఆపుకోవడమే అసలు కవాతు. 'పానీ' తెమ్మంటే 'పని' అని వినడం, తెలుగువాడు మర్యాదగా పలికిన 'రండి' ఉత్తరాది సహచరునికి తిట్టుగా తగలడం కూడా ఈ కోవలోనివే.

ఇక్కడ ప్రాంతభేదం గమనింపదగినది. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష. తహసీలు, దస్తావేజు వంటి మాటలు తెలంగాణ రైతు చెవికి కొత్త కావు. సరిహద్దుకు ఆవలి కృష్ణా జిల్లా యువకునికి ఆ పరిచయం తక్కువ. కాబట్టి భాషాపరమైన అపార్థాల హాస్యాన్ని 'తెలుగువారి అనుభవం' అని ఒక్కటిగా కట్టలేము. వేంసూరు వంటి చోట సరిహద్దుకు ఇరువైపుల చెవులూ కలిసి ఈ కథలు వింటాయి. ఒకరికి వింతగా తోచిన మాట మరొకరికి పాత తహసీలు కచేరీ మాట.

భాషతోపాటు పేరు కూడా మారుతుంది. దక్షిణాది సైనికులందరూ ఉత్తరాదివారికి 'మద్రాసీ'లు. నీలగిరులలోని వెల్లింగ్టన్ కేంద్రంగా గల మద్రాసు రెజిమెంటులోనూ, బెంగళూరులోని మద్రాసు శాపర్స్‌లోనూ జవానుకు వాడుకపేరు 'తంబి'. తెలుగు తల్లికి 'తమ్ముడు' కానివాడు అక్కడ అందరికీ 'తంబి' అవుతాడు. చరిత్రలో దీనికి విలోమమైన ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దిలో బెంగాలులో కుంపిణీ సిపాయిలను 'తిలంగా'లు అన్నారు. తెలుగునేల నుండి వెళ్లిన తొలి సిపాయిల వల్ల వచ్చిన ఆ పేరు తరువాత తెలుగుతో సంబంధమే లేని సిపాయిలకూ అంటుకొంది. 1857నాటి ఢిల్లీ ఉర్దూ కథనాలలో తిరుగుబాటు సిపాయిలు 'తిలంగే'లే. ఒకనాడు అందరినీ తెలుగువారిని చేసిన సైన్యం, తరువాత తెలుగువాణ్ణి మద్రాసీని చేసింది. పేరు పోగొట్టుకొన్నవాడు ఆ సంగతిని ఫిర్యాదుగా చెప్పకుండా నవ్వుతాలుగా చెప్పడంలోనే ఈ స్మృతుల స్వభావం ఉంది.

4. హోదా – హాస్యభేదాలు:

భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించాడు. స్మిత, హసితాలు ఉత్తమ ప్రకృతులకు; విహసిత, ఉపహసితాలు మధ్యములకు; అపహసిత, అతిహసితాలు అధములకు చెందుతాయి. నవ్వును హోదాను బట్టి పంచిన ఈ వర్గీకరణ నాటకశాలలో కంటే బ్యారకులో స్పష్టంగా కనిపిస్తుంది. అధికారి తనిఖీకి వచ్చినప్పుడు వరుసలోని జవానుకు స్మితం సైతం అపరాధమే. అధికారి స్వయంగా ఛలోక్తి విసిరితే మాత్రం హసితం విధి అవుతుంది. దీపాలు ఆర్పిన తరువాత, దుప్పట్ల కింద, ఆపుకొన్న నవ్వంతా అతిహసితమై పొంగుతుంది. అతిహసిత లక్షణాలలో కన్నీరు ఒకటి అని భరతుడే చెప్పాడు.

యంత్రప్రాయమైనది జీవం మీద పొరలా కప్పుకొన్నప్పుడు నవ్వు పుడుతుందని ఫ్రెంచి తాత్త్వికుడు బెర్గ్‌సన్ 1900లో సిద్ధాంతీకరించాడు. కవాతు నిర్వచనమే అది. సమాజశాస్త్రవేత్త గోఫ్‌మన్ 1961లో సైనిక బ్యారకును చెరసాల, ఆశ్రమం వంటి 'సంపూర్ణ సంస్థల' సరసన చేర్చాడు. తల గొరగడం, దుస్తులు మార్చడం, సంఖ్య ఇవ్వడం వంటి క్రియలతో ఆ సంస్థలు వ్యక్తి పూర్వరూపాన్ని ఒలిచివేస్తాయి. ఒలిచినా ఒలవబడనిది నాలుక. చపాతీల వరుసలో నిలబడి అన్నం కోసం ఎదురుచూడటం, ఇంటి నుండి తెచ్చిన ఆవకాయ జాడీని తనిఖీ కంట పడకుండా దాచడం, చివరికి ఆ జాడీ కోసం ఉత్తరాది సహచరులే కాపలా కాయడం ఈ కథనాలలో సహజంగా వచ్చే ఘట్టాలు. వీటిలో నవ్వు పుట్టించేది తిండి కాదు. సంస్థ లెక్కలోకి రాని ఒక చిన్న జాడీలో మనిషి తన ఊరిని మిగుల్చుకోవడం.

5. నవ్వు ఆగే చోటు:

హాస్యానికి భయానక, కరుణాలు విరోధి రసాలని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు చెప్పాడు. సైనిక స్మృతులలో ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి. ఇది రసభంగం కాదా అన్న ప్రశ్నకు ఆనందవర్ధనుని ధ్వన్యాలోకం దారి చూపుతుంది. విరోధి రసాలకు ఆశ్రయాలు వేరైతే విరోధం తొలగుతుంది. సైనిక స్మృతిలో కథకుడు ఒక్కడే అయినా ఆశ్రయాలు రెండు. భయపడినవాడు పద్దెనిమిదేళ్ల కుర్రవాడు. నవ్వుతున్నవాడు పింఛను తీసుకొంటున్న పెద్దమనిషి. ఆ ఇద్దరి మధ్య గడిచిన కాలమే ఈ హాస్యాన్ని సాధ్యం చేస్తుంది. ఎక్కడ ఆ దూరం చాలదో అక్కడ నవ్వు ఆగిపోతుంది. కవాతు గురించి, వంట గురించి, సెలవు చీటీ గురించి గంటలకొద్దీ చెప్పినవాడు పక్క మంచం మీది మిత్రుడు తిరిగిరాని రాత్రి దగ్గర మాట మార్చేస్తాడు. విమర్శకుడు వినవలసినది ఆ మౌనాన్ని కూడా.

తిలక్ 'సైనికుడి ఉత్తరం' కవిత ఆ మౌనం అవతలి ఒడ్డున నిలబడి రాసినది. అక్కడ యుద్ధానికీ గొంతుకీ మధ్య దూరం లేదు, కాబట్టి హాస్యానికి చోటు లేదు. పాశ్చాత్య సాహిత్యంలో చెక్ రచయిత హాషెక్ సృష్టించిన ష్వేక్ ఆజ్ఞలను అక్షరాలా పాటించి సైన్యాన్ని నవ్వులపాలు చేస్తాడు. హెల్లర్ 'క్యాచ్–22' (1961) సైనిక నియమాల తర్కాన్నే ప్రహసనం చేస్తుంది. ఆ రెండింటి దాడి సంస్థ మీద. తెలుగు సైనికుని మౌఖిక కథనంలో సంస్థ కంటే కథకుడే ఎక్కువగా నవ్వుల పాలవుతాడు. దీనిని లొంగుబాటుగా మాత్రమే చదవడం తొందరపాటు. తనను తాను తక్కువ చేసుకొని చెప్పే కథలోనే నాయబు సుబేదారు కేకలు, అర్థం లేని ఆజ్ఞలు యథాతథంగా శ్రోతల ముందుకు వస్తాయి. నింద లేకుండానే సాక్ష్యం నమోదవుతుంది.

లిఖిత సాహిత్యంలోకి ఈ హాస్యం ఎంత వచ్చిందన్నది వేరే ప్రశ్న. 'కన్యాశుల్కం' సారా దుకాణం రంగంలో గురజాడ ఒక హవల్దారుకు చోటిచ్చాడు. కంటోన్మెంటు గల విజయనగరంలో అటువంటి మనిషి నిత్యదృశ్యమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆరుద్ర 1943–47 మధ్య వైమానిక దళంలో ఉన్నాడు. శ్రీశ్రీ కూడా కొంతకాలం సైనిక ఉద్యోగం చేశాడు. తెలుగులో చమత్కారానికి పేరుపడిన ఇద్దరు కవులను సైన్యం తాకివెళ్లినా, వారి హాస్యాన్ని చర్చించే విమర్శ ఆ అనుభవాన్ని జీవితచరిత్రలోని ఒక వాక్యంగానే చూస్తోంది. ఇక వెండితెర విశ్రాంత సైనికుణ్ణి ఇంటిల్లిపాదిచేత కవాతు చేయించే చాదస్తునిగా స్థిరపరచింది. భరతుని పరిభాషలో తాను నవ్వడం ఆత్మస్థం, ఎదుటివారిని నవ్వించడం పరస్థం. ఊరి అరుగు మీది కథనంలో రెండూ ఉన్నాయి. తెర మీద ఆత్మస్థం పోయి సైనికుడు కేవలం నవ్వులాటకు వస్తువయ్యాడు.

6. ముగింపు:

సైనికుణ్ణి వీరునిగా కీర్తించినా, అమరునిగా విలపించినా, చాదస్తునిగా పరిహసించినా అతని గొంతు వినబడదు. నిత్యజీవితపు హాస్యస్మృతులలో అతడే వక్త. 'మిలటరీ' అంటే ఒకనాడు తలుపులు మూసుకొన్న పల్లెల్లో అదే మాట విని తరువాతి తరాలు అరుగు మీద చేరి నవ్వగలగడం సామాన్యమైన మార్పు కాదు. అయితే ఆ నవ్వు పాత భయాన్ని చెరిపివేసిందని అనుకోరాదు. తుపాకికి ఇటువైపు నిలబడిన కుర్రవాడు కూడా భయపడ్డాడని అది ఊరికి తెలియజేసింది. ఈ కథనాలు చెప్పే తరం వృద్ధాప్యంలో ఉన్నది. వాటిని సేకరించేవారు వీరగాథలను ఏరుకొని హాస్యాన్ని తాలుగా తూర్పారబడితే, విరాటుని కొలువులో జరిగిన పొరపాటే మళ్లీ జరుగుతుంది. తిరిగివచ్చినవాడు గెలుపు తనది కాదని చెప్పకముందే అతనికి విజయమే అంటగట్టడం ఆ పొరపాటు.